ఆర్కా మూగబోతే

చిరంజీవికి ఆశీస్సులు.

లినక్స్‌లో తెర చదివిపెట్టే ఆర్కా మాట ఆగిపోయిందంటే చూపులేని మనకు తెర కూడా పోయినట్టే. బాగు చేద్దామని ఆదేశం కొట్టినా దాని జవాబు చదివిపెట్టే దిక్కుండదు. అందుకే మాట బాగా వస్తున్న రోజే రెండు పనులు చేసిపెట్టుకో. వేరే పరికరం నుంచి ఈ కంప్యూటర్‌కు ఆదేశాలు పంపనిచ్చే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఎక్కించి, ఫోన్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ యాప్ నుంచి నీ యూజర్ పేరుతోనే ఒకసారి లాగిన్ అయి చూసుకో. కంప్యూటర్ మూగబోయిన రోజు ఫోన్ తెర చదివే టాక్‌బ్యాక్ నీకు జవాబులు చదువుతుంది. ఒక యూఎస్‌బీ హెడ్‌సెట్ కూడా చేతికందేలా ఉంచుకో. లోపలి సౌండ్ కార్డు మొరాయించినా అది చాలావరకు గుచ్చగానే పలుకుతుంది.

ఆదేశాలు తెలుగులో రాస్తున్నా, నువ్వు కొట్టాల్సింది ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే.

మాట పోగానే ముందు ఇన్‌సర్ట్ పట్టుకుని ఎస్ నొక్కు. ల్యాప్‌టాప్ కీల అమరిక పెట్టుకుని ఉంటే ఇన్‌సర్ట్ బదులు క్యాప్స్‌లాక్. ఆర్కా మాటను ఆపేదీ తెప్పించేదీ ఆ జంటే. వేరేదేదో నొక్కబోయి దాన్ని నొక్కేయడం మామూలే. పలకలేదా, ఆల్ట్ ఎఫ్2 నొక్కి, ఆర్కా అని కొట్టి, ఒక స్పేస్, రెండు హైఫన్లు, వాటికి ఆనించి రీప్లేస్, ఎంటర్. ఆదేశాన్ని రూట్ అనే అధికారి పేరుతో నడిపించే సుడో మాత్రం తగిలించకు. రూట్ పేరుతో లేచిన ఆర్కాకు నీ సెషన్ సౌండ్ అందదు.

అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే సెట్టింగులు కెలక్కు, మాట ఎక్కడ ఆగిందో తేల్చుకో. ఆర్కా వాక్యాన్ని స్పీచ్ డిస్పాచర్‌కు ఇస్తుంది. అది ఈస్పీక్ ఎన్‌జీ చేత పలికిస్తుంది. ఆ ధ్వనిని పైప్‌వైర్ అందుకుని ఆల్సా ద్వారా కార్డుకు పంపుతుంది. ఆర్కా లేకుండా నేరుగా డిస్పాచర్‌నే పలికించడానికి ఫోన్ నుంచి ‘ఎస్‌పీడీ-సే హలో’ కొట్టు. కంప్యూటర్ హలో అందంటే చిక్కు ఆర్కా దగ్గరే, సౌండ్ జోలికి పోకు. అనకపోతే ‘స్పీకర్-టెస్ట్ -సీ 2 -టీ వేవ్’ కొట్టు, వేవ్ అంటే డబ్ల్యూ, ఏ, వీ మూడక్షరాలే. ఫ్రంట్ లెఫ్ట్, ఫ్రంట్ రైట్ అని వినిపిస్తే కంట్రోల్ సీతో ఆపెయ్. సౌండ్ బాగానే ఉంది, చెడింది డిస్పాచర్. ‘కిల్లాల్ స్పీచ్-డిస్పాచర్’ అంటే అది చస్తుంది, మళ్లీ ఎస్‌పీడీ-సే కొట్టగానే తనే లేస్తుంది. ఆ తర్వాత ఆర్కాను కూడా రీప్లేస్ చెయ్. ఇంకా పలక్కపోతే హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్ కింద స్పీచ్-డిస్పాచర్ ఫోల్డర్ ఉందేమో చూసి, ఉంటే దాని పేరు మార్చు. ఇప్పుడు లేని మాడ్యూల్, అంటే పలికించే భాగం, పేరు పాత సెట్టింగులో మిగిలిపోయి ఉండొచ్చు.

రెండూ పలకలేదా, ‘డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్’ కొట్టి సింక్స్, అంటే ధ్వని బయటికి పోయే దారులు, అన్న చోటికి వెళ్లు. అక్కడ ఒక వరుసలో నక్షత్రం గుర్తు, 47, హెచ్‌డీఎంఐ. దాని కింద నక్షత్రం లేకుండా 52, అనలాగ్ స్టీరియో అని ఉందనుకో. ధ్వని పోయేది నక్షత్రం ఉన్న దారినే. అంటే నీ మాటంతా స్పీకర్లు లేని మానిటర్‌లో పోసినట్టు. ‘డబ్ల్యూపీసీటీఎల్ సెట్-డిఫాల్ట్ 52’ కొడితే దారి మారుతుంది. వరుస చివర మ్యూటెడ్ అని ఉంటే ‘డబ్ల్యూపీసీటీఎల్ సెట్-మ్యూట్ 52 0’. ఈ అంకెలు రీబూట్‌కు మారిపోవచ్చు, ప్రతిసారీ చూసే కొట్టు.

అక్కడ డమ్మీ అవుట్‌పుట్ అనే ఉత్తుత్తి దారి ఒక్కటే కనిపిస్తే, కార్డుల జాబితా చూపే ‘ఏప్లే -ఎల్’ కొట్టు. కార్డే లేదంటే, కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్ అయితే ముందు అనుమానించాల్సింది కార్డును నడిపించే సౌండ్ ఫర్మ్‌వేర్‌ను. డెబియన్‌లో ఆ ప్యాకేజీ పేరు ఫర్మ్‌వేర్-సాఫ్-సైన్డ్. ఎక్కించి రీబూట్ చెయ్. కార్డు ఉండి కూడా డమ్మీయే వస్తుంటే, కన్సోల్‌లో చదివే ఈస్పీకప్ దాన్ని పట్టుకుని కూర్చుందేమో, ఆపి చూడు.

మాట వస్తూనే మొదటి అక్షరం మింగేస్తుంటే అది కార్డు కునుకు తీయడం. ధ్వని లేకపోతే, పైప్‌వైర్ దారులు చూసుకునే వైర్‌ప్లంబర్ మామూలుగా 5 సెకన్లకు దాన్ని పడుకోబెడుతుంది. దాని సెట్టింగుల్లో సెషన్ సస్పెండ్ టైమ్‌అవుట్‌ను 0 చేస్తే మెలకువగా ఉంటుంది. బ్యాటరీ కాస్త ఎక్కువ తింటుంది, తిననీ.

అన్నీ చదువుతూ క్రోమ్‌లో పేజీ ఒక్కటే చదవకపోతే, రెండు హైఫన్లు పెట్టి ఫోర్స్-రెండరర్-యాక్సెసిబిలిటీ అని చేర్చి క్రోమ్ తెరువు. అంతకుముందు తెరిచి ఉన్న క్రోమ్ కిటికీలన్నీ మూసెయ్, లేకపోతే ఆ మాట దాని చెవికెక్కదు.