దిండు కింది పుస్తకం

ప్రశ్న: మాది గుంటూరు. అత్తగారిల్లు విజయవాడ, సత్యనారాయణపురం. పాపకు ఐదు నెలలు దాటాయి. పురుడు పుట్టింట్లోనే పోసుకుని, ఐదో నెల రాగానే ఇక్కడికి వచ్చాను. పాప పుట్టిన రోజు నుంచీ ఒక నోటు పుస్తకంలో అన్నీ రాసుకుంటున్నాను. ఎప్పుడు పాలు తాగింది, ఎంతసేపు పడుకుంది, ఎన్ని గుడ్డలు తడిపింది, కొత్తగా ఏం చేసింది... అన్నీ. ఇక్కడ అత్తయ్య "లెక్కలు పాలవాడికి రాస్తారు గానీ పిల్లకు రాస్తారా, దిష్టి తగులుతుంది" అంటున్నారు. పాప గుంటూరులో ఉండగా మొదటిసారి బోర్లా పడింది. వీడియో పంపితే మావారు సాయంత్రం దాకా చూడలేదు. చూశాక ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. మొన్న రాత్రి నేను రాసుకుంటుంటే "నువ్వు పిల్లను చూస్తున్నావా, పుస్తకాన్ని చూస్తున్నావా?" అన్నారు. ఆ మాట మర్చిపోలేకపోతున్నాను. అప్పటినుంచి పుస్తకం దిండు కింద దాచుకుంటున్నాను. ఆయన ఎత్తుకుంటే పాప ఏడుస్తుంది. రాత్రిళ్ళు పాప ఊపిరి తీస్తోందో లేదోనని టెన్షన్‌తో రెండు మూడుసార్లు లేచి చూస్తాను. వచ్చే నెల ఉద్యోగానికి వెళ్ళాలి. అప్పుడు ఇవన్నీ ఎవరు చూస్తారు? పుస్తకం ఆపేయమంటారా? రెండు పేజీల ఫొటోలు పంపుతున్నాను.
ఒక తల్లి, విజయవాడ

జవాబు: పుస్తకం ఆపొద్దమ్మా. ముందు ఆ సంగతి తేల్చేస్తే మిగతావి నిదానంగా మాట్లాడుకోవచ్చు.

మీరు పంపిన పేజీలు మూడుసార్లు చదివాను. మొదటిసారి సమస్య ఎక్కడుందా అని. తర్వాత రెండుసార్లు ఊరికే, బాగున్నాయని. "కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగిపోయాక కూడా దానివైపే చూసి నవ్వుతోంది" అని ఒకచోట రాశారు. ఇంకోచోట "కుక్కర్ మొదటి విజిల్‌కి ఉలిక్కిపడింది. రెండోదానికి నా మొహంలోకి చూసింది. మూడోదాన్ని పట్టించుకోలేదు" అని ఉంది. ఇది రాయాలంటే మూడు విజిళ్ళూ వచ్చేదాకా పొయ్యి వైపు కాకుండా పిల్ల వైపు చూస్తూ నిలబడాలి. మీవారు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ పేజీలోనే ఉంది. మీరు పిల్లనే చూస్తున్నారు.

అయితే ఇలాంటివి రెండు పేజీల్లో వెతికితే నాలుగే దొరికాయి. మిగతావన్నీ అంకెలు. 12.10 ఎడమ, 1.50 కుడి, 3.15 ఎడమ, 4.40 కుడి. ఆ అంకెల మధ్య కనిపించాల్సినవి కొన్ని నాకు కనిపించలేదు. మీరెప్పుడు పడుకున్నారో లేదు. ఎప్పుడు తిన్నారో లేదు. ఇక మీవారి పేరు వచ్చింది ఒక్కచోటే. "9.40 ఆయన ఎత్తుకున్నారు. ఏడ్చింది." దాని కిందే "9.42 నేను తీసుకున్నాను. ఊరుకుంది."

రెండు నిమిషాలు! కుక్కర్ అలవాటు కావడానికి పాపకు మూడు విజిళ్ళు పట్టిందని మీరే రాశారు. నాన్నకు మీరు ఒక్క విజిల్ వచ్చేంత సమయం కూడా ఇవ్వలేదు.

మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. పిల్ల ఏడుస్తుంటే తల్లి చేతులు ఆగవు. పైగా ఇందులో మీరిద్దరూ చేయని తప్పు ఒకటుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మనకు మంచి ఆనవాయితీ. బాలింతకు విశ్రాంతి దొరుకుతుంది, అమ్మ చేతి పథ్యం దొరుకుతుంది. కానీ ఆ నెలలన్నీ తండ్రి ఎక్కడుంటాడు? గుంటూరుకీ విజయవాడకీ మధ్య 40 కిలోమీటర్లు కూడా ఉండదేమో. అంత దగ్గరైనా ఆయన ఆదివారాలు చుట్టపుచూపుగా వచ్చి ఉంటారు. అల్లుడుగారు వచ్చారని కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు. స్నానం చేయించి, పౌడరు రాసి, బొట్టు పెట్టి, కడుపు నిండిన పిల్లను తెచ్చి చేతిలో పెడతారు. అల్లుడి చేతికి పిల్లను ఇస్తారు గానీ తడి గుడ్డ ఇవ్వరు. పిల్ల మొహం చిట్లించగానే "ఇటివ్వండి బాబూ" అని ఎవరో ఒకరు అందుకుంటారు. అలా ఆయన ఐదు నెలల తండ్రి అయ్యారు గానీ, చేతులకు నెల రోజుల అనుభవమే ఉంది. మీ చేతులకు ఐదు నెలలది ఉంది. పాపకు ఆ తేడా తెలుస్తుంది.

అందుకే "పిల్లను చూస్తున్నావా, పుస్తకాన్నా" అన్న మాటలో నాకు వెటకారంతో పాటు ఇంకోటి కూడా వినిపించింది. ఆ పుస్తకంలోనూ, ఆ మంచం మీదా తనకు చోటు లేదనుకుంటున్న మనిషి గొంతు అది. ఇది నా ఊహే. ఆయన్నే అడిగి తెలుసుకోండి. రాత్రి రెండింటికి మాత్రం అడగకండి, ఆ వేళలో ఎవరి నోటా మంచి మాట రాదు. అన్నం తినేటప్పుడు "ఆ మాటకు నాకు బాధేసింది" అని ఒక్కసారి చెప్పి, పుస్తకం తీసి కుక్కర్ పేజీ చదివి వినిపించండి. వీడియో పంపకండి, పక్కన కూర్చుని చదవండి.

ఇది మీవారి కంట పడితే ఆయనకు ఒక మాట. బాబూ, కూతురు మొదటిసారి బోర్లా పడితే బొటనవేలు బొమ్మ చాలదు. ఎంత పనిలో ఉన్నా ఫోన్ చేయాలి.

బోర్లా పడటం అన్నారు కాబట్టి చెబుతున్నాను. మన ఇళ్ళల్లో పిల్లల ఎదుగుదలను ఎప్పుడూ రాసుకున్నాం, కాకపోతే కాగితం మీద కాదు, పొయ్యి మీద. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు చిలకలు, గడప దాటితే గారెలు. ఇంటింటికీ కొంచెం మారుతుంది గానీ వరస ఇదే. బొబ్బట్లు చేశాక దాచుకోరు, పక్కింటికీ ఎదురింటికీ పంచుతారు. పిల్ల బోర్లా పడిందని వీధి మొత్తానికి తెలుస్తుంది. మీ అమ్మగారు ఆ రోజు బొబ్బట్లు చేశారో లేదో మీరు రాయలేదు. చేసి ఉంటే సత్యనారాయణపురానికి నాలుగు వచ్చాయా? మీ అత్తగారికీ ఆ రోజు దక్కింది వీడియో ఒక్కటేనేమో. ఆవిడ కోపం దిష్టి గురించే అని నేననుకోను.

దిష్టి మీద వాదనకు మాత్రం దిగకండి, గెలిచినా ఉపయోగం లేదు. బుగ్గ మీదో అరికాలి మీదో చుక్క పెట్టుకోనివ్వండి. గట్టిగా నిలబడాల్సినవి వేరే ఉన్నాయి. మీరు అడగలేదు గానీ చెబుతున్నాను. కంట్లో కాటుక వద్దు. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వద్దు. వసకొమ్ము అరగదీసి నాకించడం వద్దు. తేనె ఏడాది నిండేదాకా వద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తాగే బిడ్డకు విడిగా నీళ్ళు కూడా అక్కర్లేదు, విజయవాడ ఎండల్లో అయినా సరే. వీటిని మీ మాటగా కాకుండా, పాపను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు అత్తగారిని వెంటబెట్టుకెళ్ళి ఆయన నోటితోనే చెప్పించండి. ఒంటికి నూనె రాసి మర్దన చేయడం, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని స్నానం చేయించడం ఆవిడకు వదిలేయండి. అందులో ఆవిడ చేతికి సాటి లేదు.

ఇక అసలు సలహా. పాలవాడి లెక్క అన్నారు కదా మీ అత్తగారు, ఆవిడకు తెలియకుండానే దారి చూపించారు. పాలవాడి లెక్క ఎక్కడ రాస్తాం? గోడ మీద క్యాలెండర్‌లో.

మా అత్తగారు పోయాక ఇల్లు సర్దుతుంటే బీరువా మీద పాత క్యాలెండర్ల చుట్ట దొరికింది. ఒక్కో గడిలో పాలు లీటరున్నర, గ్యాస్ వచ్చింది, చాకలికి 18 గుడ్డలు. వాటి మధ్య ఒక గురువారం గడిలో పెన్సిల్‌తో సన్నగా "కింద పన్ను" అని ఉంది. మా అబ్బాయి మొదటి పన్ను. నేను అప్పుడు ఉద్యోగానికి వెళ్ళేదాన్ని. ఆ పన్నును ఆదివారం నాడు నేనే మొదట చూశానని ఇరవై ఏళ్ళు అందరికీ చెప్పుకున్నాను. ఆవిడ పక్కనే కూర్చుని వినేవారు. ఒక్కసారి కూడా దిద్దలేదు.

అలాంటి క్యాలెండర్ ఒకటి మీ హాల్లో తగిలించండి. పురికొసతో పెన్ను కట్టండి. పాప చేసిన కొత్త పని ఎవరి కంట పడితే వాళ్ళు ఆ గడిలో రాయాలి. మామగారు ఉంటే ఆయన కూడా. ఎవరు రాసింది ఎవరూ దిద్దకూడదు. ముఖ్యంగా మీరు. వచ్చే నెల నుంచి పగలంతా చూసేది అత్తగారే. సాయంత్రం ఇంటికొచ్చాక మీరు చదవబోయేది ఆవిడ రాతనే. అందుకే ఆవిడ ఇప్పటినుంచే రాయడం మొదలుపెట్టడం మీకే మంచిది. రాయడానికి మొహమాటపడితే "అత్తయ్యా, మీ అబ్బాయి ఎన్నో నెలలో బోర్లా పడ్డారు?" అని అడిగి చూడండి. ఒకప్పుడు సత్యనారాయణపురం మధ్యలోంచి రైలు పట్టాలుండేవి. అవి తీసేశాకే ఇప్పటి బీఆర్‌టీఎస్ రోడ్డు వచ్చింది. మీవారు ఆ ఇంట్లోనే పుట్టి పెరిగి ఉంటే, ఆ రైలు కూతల మధ్య నిద్రపోయిన పిల్లాడే. ఆయన ఎన్నో కూతకు ఉలిక్కిపడటం మానేశాడో ఆవిడకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

పాల టైములు రాయడం మాత్రం ఇక మానేయండి. రోజుకు ఆరు గుడ్డలు, అంతకంటే ఎక్కువ తడుపుతుంటే, బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే. మీ లెక్కలో ఏడు, ఎనిమిది ఉన్నాయి. బరువు ఎలాగూ టీకాల కార్డులో రాస్తారు. ఫ్యాన్ గురించి, కుక్కర్ గురించి రాసుకోవడానికి మీ పుస్తకం మీకుంటుంది. దాన్ని దిండు కింద నుంచి తీసి బల్ల మీద పెట్టండి.

మీవారి సంగతికొద్దాం. పొద్దున్నే ఎండ ఎక్కకముందు, పాప పాలు తాగి హుషారుగా ఉన్నప్పుడు, పావుగంట ఆయనకు వదిలేయండి. భుజాన వేసుకుని అలా రోడ్డు దాకా తిప్పుకొస్తారు. మీరు గుమ్మంలో నిలబడి చూడొద్దు. పాప ఏడుస్తుంది. ఏడిస్తే ఏడవనీ అనడం లేదు, ఊరుకోబెట్టే పని ఆయన్ని చేయనివ్వండి అంటున్నాను. మీరు స్నానానికి వెళ్ళండి, మగ్గు చప్పుడులో ఏడుపు వినపడదు. తిరిగొచ్చాక తడి గుడ్డ మార్చేది కూడా ఆయనే. వంకరగా కట్టినా మీరు మళ్ళీ కట్టొద్దు. ఇది ఇప్పుడే మొదలుపెట్టమనడానికి కారణముంది. ఏడో నెల, ఎనిమిదో నెల వచ్చేసరికి చాలామంది పిల్లలు కొత్త మొహాలకు బెదురుతారు, తల్లిని వదలరు. ఆ లోపే నాన్న పాత మొహం అయిపోవాలి.

రాత్రి ఊపిరి చూసుకోవడం చాలామంది తల్లులు చేసేదే. పాపను వెల్లకిలా పడుకోబెట్టండి. చుట్టూ దిండ్లు, మెత్తటి బొంతలు పెట్టకండి. ఒకసారి మీరు చూస్తే ఒకసారి ఆయన చూడాలి. కానీ పాప హాయిగా పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, దేనిమీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటి ఉంటే అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. మందు ఉన్న జబ్బే, డాక్టరుకు చెప్పండి. మీకు గానీ పాపకు గానీ హాని చేయాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే చెప్పండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడు చేసినా డబ్బులుండవు, తెలుగులో మాట్లాడతారు. ఈ సంగతి మీవారికీ చూపించండి.

ఉద్యోగం గురించి ఒక్క మాట. 2017లో చట్టం మారాక ప్రసూతి సెలవు 26 వారాలైంది. అప్పటినుంచీ 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. మీ ఆఫీసులో ఉందేమో కనుక్కోండి. లేకపోయినా అడిగితే పోయేదేం లేదు.

మీరు ఉద్యోగంలో చేరే రోజులకే అన్నప్రాశన వస్తుంది. ఆడపిల్లకు బేసి నెలలో చేస్తారు కదా. ఐదో నెలలోనే చేసేయాల్సిందని ఎవరన్నా అంటే ఏడు కూడా బేసే అని చెప్పండి. ఆరు నిండి ఏడు నడుస్తుంటే డాక్టరు మాటా అత్తగారి మాటా ఒకచోటే కలుస్తాయి. ఆ రోజు గడిలో మీవారిని రాయమనండి. అక్షరాలు గడి దాటి పక్క తేదీలోకి పోయినా ఏమీ అనకండి.