డ్రాప్ ఇన్ సెంటర్‌లో సేవ చేస్తున్నాను.. నా వల్ల అమ్మకు కరోనా వస్తుందా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. ఇల్లు లేనివాళ్లు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు పగటిపూట వచ్చి కాసేపు కూర్చునే డ్రాప్ ఇన్ సెంటర్‌లో వారానికి నాలుగు రోజులు వాలంటీరుగా పనిచేస్తున్నాను. వచ్చినవాళ్లకు టీ ఇవ్వడం, స్నానానికి ఏర్పాట్లు చూడడం, ఉతికిన బట్టలు ఇవ్వడం, ఫారాలు నింపిపెట్టడం మా పని. గేటు దగ్గర టెంపరేచర్ చూసి, ఒంటి మీద డిస్‌ఇన్ఫెక్టెంట్ స్ప్రే చేసి లోపలికి పంపుతున్నాం. నేనూ, 78 ఏళ్ల మా అమ్మా కరోనా టీకా రెండు డోసులూ వేయించుకున్నాం. అయినా నా వల్ల అమ్మకు ఎక్కడ అంటుకుంటుందోనని టెన్షన్. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మానేద్దామంటే మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మానేయక్కర్లేదు. మీరు చేసే పనుల్లో కొన్నింటిని మాత్రం వేరేవాళ్లకు అప్పగించాలి, సెంటర్‌లో కొన్ని పద్ధతులు మారాలి. మీ ఉత్తరం చదివితే, గేటు దగ్గర పడుతున్న శ్రమలో సగం కూడా లోపలి గాలి మీద పెట్టడం లేదనిపించింది. అమ్మకు ప్రమాదం వస్తే ఆ గాలి వల్లే వస్తుంది.

ముందు ఆ స్ప్రే రేపటి నుంచే ఆపేయండి. మనుషుల మీద క్రిమిసంహారక మందులు చల్లొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే నెలలోనే స్పష్టంగా చెప్పింది. వైరస్ ఉన్నది సోకిన మనిషి ముక్కులో, గొంతులో. బట్టల మీద మందు చల్లితే అది పోదు. బ్లీచింగ్ ద్రావణం కళ్లను మండిస్తుంది, చర్మాన్ని పాడు చేస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లకు ఊపిరి ఆడకుండా చేస్తుంది. వీటన్నిటికీ మించి, అసలే నలుగురూ దూరం పెట్టిన మనిషి మీ గుమ్మంలోకి రాగానే మందు కొట్టించుకోవాల్సి రావడం నాకు బాధగా ఉంది. ఒకసారి అలా జరిగినవాళ్లు రెండోసారి రాకపోవచ్చు. సబ్బు, నీళ్లు చాలు.

టెంపరేచర్ చూడడం వల్ల నష్టం లేదు కానీ దాన్ని నమ్ముకోవద్దు. 2020 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్‌లో నిరాశ్రయుల వసతి గృహం ఒకదానిలో 408 మందికి పరీక్ష చేస్తే 147 మందికి పాజిటివ్ వచ్చింది. వాళ్లలో దాదాపు 88 శాతం మందికి ఆ సమయానికి ఏ లక్షణమూ లేదు. జ్వరం ఉన్నది ఒక్కరికే. మీ గేటు దగ్గరి థర్మామీటర్ ఆ రోజు అక్కడ ఉండి ఉంటే ఒక్కరిని ఆపి 146 మందిని లోపలికి పంపేది. లక్షణాలు మొదలవడానికి రెండు రోజుల ముందు నుంచే మనిషి వైరస్‌ను బయటికి వదలగలడు. అందుకే లోపలికి వచ్చేవాళ్లలో ఎవరికైనా వైరస్ ఉండొచ్చు అనుకునే ఏర్పాట్లు చేసుకోవాలి.

ఇక గాలి సంగతి. సోకిన మనిషి మాట్లాడినా, పాడినా, ఊరికే ఊపిరి వదిలినా సన్నని తుంపరలు బయటికి వస్తాయి. మూసిన గదిలో అవి సిగరెట్ పొగలాగే నిండిపోతాయి. ఆరడుగుల దూరంలో కూర్చున్నా పొగ వాసన తగిలినట్టే ఇవీ తగులుతాయి. చైనాలోని గ్వాంగ్‌జౌలో 2020 జనవరిలో ఒక రెస్టారెంట్‌లో పక్కపక్క టేబుళ్ల దగ్గర తిన్న మూడు కుటుంబాలలో ఒకరి నుంచి తొమ్మిది మందికి ఇలాగే సోకింది. అక్కడ బయటి గాలి వచ్చే దారి లేదు, ఏసీ ఉన్న గాలినే అటూ ఇటూ తిప్పింది. మీ సెంటర్‌లో ఉన్నది గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ అయితే అదీ అంతే, చల్లబరుస్తుంది గానీ కొత్త గాలి తేదు.

కాబట్టి ఎదురెదురుగా ఉన్న కిటికీలు రెండూ తెరవండి. ఒక కిటికీలో టేబుల్ ఫ్యాన్‌ను బయటి వైపు తిప్పి పెట్టండి. లోపలి గాలిని అది బయటికి తోస్తుంది, రెండో కిటికీ లోంచి కొత్త గాలి వస్తుంది. వీలైతే కార్బన్ డయాక్సైడ్ చూపించే చిన్న మీటరు ఒకటి కొనిపించండి. ఆరుబయట అది 420 దాకా చూపిస్తుంది. గదిలో 800 దాటుతోందంటే ఒకరు వదిలిన ఊపిరి ఇంకొకరు పీలుస్తున్నారని అర్థం. అప్పుడు కొందరిని వరండాలోకి, చెట్టు కిందికి పంపండి. టీ ఎప్పుడూ బయటే ఇవ్వండి, ఎందుకంటే తాగేటప్పుడు మాస్కు తీయక తప్పదు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. ఇలాంటి చోట్ల వాలంటీర్లకు చాలాసార్లు సోకేది తోటి వాలంటీర్ల నుంచే. పొద్దుటి నుంచి జాగ్రత్తగా మాస్కు పెట్టుకుని, మధ్యాహ్నం చిన్న స్టోర్ రూమ్‌లో నలుగురూ తలుపేసుకుని, మాస్కులు తీసి, కబుర్లు చెప్పుకుంటూ భోజనం చేస్తారు. ఆ అరగంట చాలు. విడివిడిగా తినండి, లేదా బయట కూర్చోండి.

గుడ్డ మాస్కు సరిపోదు. ఎన్95 వాడండి. ముక్కు దగ్గరి తీగను రెండు చేతి వేళ్లతో నొక్కి, గట్టిగా ఊపిరి వదిలి చూడండి. కళ్లజోడు మసకబారితే గాలి పైనుంచి తప్పించుకుంటున్నట్టే, మళ్లీ సర్దుకోండి. చెవులు సరిగా వినపడని పెద్దాయన ఎదురుగా కూర్చుని "ఏంటమ్మా?" అని మళ్లీ మళ్లీ అడుగుతుంటే చేయి తెలియకుండానే మాస్కు కిందికి లాగేస్తుంది. అక్కడే దెబ్బ తింటాం. అరిస్తే తుంపరలు ఇంకా ఎక్కువ. చెప్పాల్సింది పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి చూపించండి, లేదా ఆయన్ని ఆరుబయటకు తీసుకెళ్లి నెమ్మదిగా మాట్లాడండి. బట్టలు, ఫారాలు ముట్టుకోవడం గురించి అంత భయం వద్దు, ఆ తర్వాత చేతులు కడుక్కుంటే సరిపోతుంది.

మీ విషయానికొస్తే, షుగర్ అదుపులో లేనివాళ్లకు కరోనా వస్తే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈ వారంలోనే చేయించుకుని మీ డాక్టరుకు చూపించండి. స్నానాల గది దగ్గరి పని వయసులో చిన్నవాళ్లకు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇవ్వండి. అక్కడ గాలి ఆడదు, వచ్చినవాళ్లు మాస్కు పెట్టుకోలేరు. ఫారాలు నింపే టేబుల్ వరండాలో వేయించుకుని మీరు అక్కడ కూర్చోండి. నాలుగు రోజులను రెండు చేసుకోండి. నిద్ర లేకపోతే షుగర్ కూడా మాట వినదు. గొంతు కాస్త గరగరలాడినా ఆ రోజు వెళ్లొద్దు. లక్షణాలు ఉండి ర్యాపిడ్ టెస్టులో నెగెటివ్ వస్తే అక్కడితో ధైర్యపడకండి, 48 గంటల తర్వాత మళ్లీ చేయించుకోండి. పాజిటివ్ వస్తే తెలిసినవాళ్లు వాడారని స్టెరాయిడ్ మాత్రలు మాత్రం మొదలెట్టొద్దు. అవి ఆక్సిజన్ అవసరమైనవాళ్లకు ప్రాణం నిలిపే మందే, కానీ మొదట్లోనే తేలికపాటి జబ్బుకు వాడితే మేలు లేదు, మీ షుగర్ అమాంతం పెరుగుతుంది.

మీరు అక్కడ ఉండడం వల్ల ఇంకో మేలుంది, అందుకే మానేయొద్దన్నాను. రోజూ వచ్చే మనిషి బీపీ మాత్రలు ఆపేశాడని, కాలి పుండు మానడం లేదని మొదట కనిపెట్టేది మీలాంటివాళ్లే. రెండు వారాలకు మించి దగ్గుతున్నవాళ్లను కరోనా నెగెటివ్ అని వదిలేయకండి, క్షయ పరీక్షకు పంపండి. ప్రపంచవ్యాప్తంగా కొత్తగా గుర్తించిన క్షయ రోగుల సంఖ్య 2019లో 71 లక్షలు ఉంటే 2020లో 58 లక్షలకు పడిపోయింది. జబ్బు తగ్గి కాదు, పరీక్షకు వచ్చేవాళ్లు తగ్గి.

ఇంట్లో అమ్మ దగ్గర రోజంతా మాస్కుతో ఉండడం కుదిరే పని కాదు. సెంటర్‌కు వెళ్లిన రోజుల్లో ఆమె గది కిటికీలు తీసి ఉంచండి, వేరే గదిలో పడుకోండి. సెంటర్‌లో ఎవరికైనా పాజిటివ్ వచ్చిందని తెలిస్తే మీకు నెగెటివ్ తేలేదాకా ఆమె దగ్గర మాస్కు తీయొద్దు. టీకా ఆమెకు పెద్ద రక్షణ. జబ్బు అసలు రాదని కాదు గానీ, ముదరకుండా చాలావరకు కాపాడుతుంది. ఆమె వయసువాళ్లకు మూడో డోసు ఇస్తుంటే ఆలస్యం చేయకండి.

ఆ వయసులో కరోనా జ్వరంతోనే రావాలని లేదు. ఉన్నట్టుండి అన్నం వద్దనడం, పగలంతా మగతగా ఉండడం, మాట తడబడడం, నడుస్తూ తూలిపోవడం కూడా దాని గుర్తులే కావచ్చు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో ఉంచండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేయి వెచ్చగా ఉన్నప్పుడు వేలికి పెట్టి చూడండి. 94 కంటే తగ్గినా, అంకె బాగానే ఉండి ఆమె ఆయాసపడుతున్నా, మాటల్లో తేడా కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.