ఆయాసపడే నాన్నగారితో వ్యాయామం చేయించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో ఉండి ఈమధ్యే ఇంటికొచ్చారు. కుర్చీలోంచి లేవాలన్నా ఆయాసమే. డాక్టర్‌గారు వ్యాయామం మొదలుపెట్టమన్నారు. కదిలిస్తే ఏమవుతుందోనని భయంగా ఉంది.

జవాబు: మీ భయం సహజమేనమ్మా. కానీ మంచానికే పరిమితం చేస్తే తొడల్లో మిగిలిన కాస్త కండా కరిగిపోతుంది. ఆయాసానికి గుండెతోపాటు ఆ చిక్కిన కాళ్లూ కారణమే.

చాలామంది నేరుగా నడిపిస్తారు. ఫిజియోథెరపిస్టుగా నేను ముందు కుర్చీనే చూస్తాను. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించండి. సీటు మీద గట్టి దిండు వేస్తే ఎత్తు పెరిగి లేవడం తేలికవుతుంది. పాదాలు వెనక్కి జరిపి, ముందుకు వంగి, ఊపిరి వదులుతూ లేవాలి. బిగబట్టనివ్వకండి. మీతో మాట్లాడగలుగుతున్నంతవరకే చేయించండి. కాళ్లకు సత్తువ వచ్చాక దిండు తీసేసి, పట్టుకుని నిలబడే బ్యాలెన్స్ సాధన, ఆ తర్వాతే నడక.

2021లో వెలువడిన రీహాబ్-హెచ్ఎఫ్ అనే అమెరికా అధ్యయనంలో మీ నాన్నగారిలా గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరిన 349 మంది వృద్ధులున్నారు. బలం, బ్యాలెన్స్, కదలిక, ఓపిక పెంచే శిక్షణ పొందినవారు 3 నెలలకు మెరుగ్గా లేచి నడవగలిగారు. మళ్లీ ఆసుపత్రిలో చేరడం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అయినా, ఒకరి సాయం లేకుండా బాత్రూంకి వెళ్లగలగడం నా దృష్టిలో చాలా పెద్ద ఫలితం.

ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, గుండెదడ వస్తే వెంటనే ఆపేయండి. రోజూ పొద్దున్నే బరువు చూడండి. 2, 3 రోజుల్లో 2 కిలోలు పెరిగినా, పాదాలు వాచినా వ్యాయామం పక్కనపెట్టి డాక్టర్‌గారికి ఫోన్ చేయండి.