వేలు తీసే ముందు కాలికి రక్తం అందుతోందో లేదో చూపించండి

నాన్నగారికి షుగర్, కాలి బొటనవేలు నల్లబడింది, తీసేయాలంటున్నారు, యాంజియోప్లాస్టీతో (అడ్డుపడ్డ రక్తనాళాన్ని బెలూన్‌తో వెడల్పు చేయడం) కాలు దక్కుతుందా అని అడిగారు. చాలామందికి దక్కుతుంది. కాకపోతే వరస తప్పకూడదు: ముందు రక్తం అందాలి, ఆ తర్వాతే వేలు కోయాలి. రక్తం అందని పాదంలో కోసిన గాయం మానదు, కోత పైపైకి పాకుతుంది. పాదం వాచి, చీము పట్టి, జ్వరం వస్తుంటే మాత్రం ఆగకండి. చీము వెంటనే తీయించాల్సిందే.

చీలమండ బీపీని చేతి బీపీతో పోల్చే ఏబీఐ పరీక్ష 0.9 లోపు వస్తే అడ్డంకి ఉన్నట్టే. కానీ షుగర్ వాళ్ల రక్తనాళాల్లో కాల్షియం పేరుకుని, కఫ్ ఎంత బిగించినా నొక్కుకోవు. 1.4 దాటిందంటే బాగుందని కాదు, ఆ అంకెను నమ్మలేమని. కాలివేలి బీపీ చూడమనండి. అది 30 (mmHg) లోపుంటే పుండు తనంతట మానడం కష్టం. దాంతోపాటు నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్.

ప్రొసీజర్‌కి సాధారణంగా పూర్తి మత్తు అక్కర్లేదు. గజ్జలో సూది గుచ్చి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి, అడ్డంకిలోంచి వైరు దాటిస్తారు. అసలు కష్టమంతా ఇక్కడే. మోకాలి కింద నాళాలు సన్నం కాబట్టి 0.014 అంగుళం వైరు, 2 నుంచి 3 మి.మీ. బెలూన్ వాడతారు; తొడలో అయితే 5, 6 మి.మీ. పైనుంచి వైరు దిగకపోతే పాదం మీది నాళంలో గుచ్చి కిందినుంచి ఎక్కిస్తారు. మోకాలి వెనక వంగే చోట స్టెంట్ (నాళం తెరుచుకుని ఉండేలా లోపల పెట్టే లోహపు జాలీ గొట్టం) విరిగే ప్రమాదం ఉంది, అందుకే వీలైనంతవరకు పెట్టరు. స్టెంట్ వేయకుండానే బిల్లు వేశారని గొడవపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

మోకాలి కింద బెలూన్ చేసిన నాళం కొన్ని నెలల్లో మళ్లీ సన్నబడటం మామూలే. ఆలోపు పుండు మానితే చాలు. మానిన పాదానికి అంత రక్తం అవసరం లేదు.

నాళాలు ఎక్స్‌రేలో కనిపించడానికి ఎక్కించే డై వల్ల కిడ్నీ దెబ్బతినొచ్చు, ముందే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించండి. ఎక్కువగా ఉంటే డై బదులు కార్బన్ డయాక్సైడ్ వాయువుతో చేసే వీలుందేమో అడగండి. ఇంటికొచ్చాక గజ్జలో వాపు పెరిగినా, నడుము నొప్పితో కళ్లు తిరిగినా లోపల రక్తం కారుతున్నట్టు అనుమానించాలి. పాదం ఒక్కసారిగా తెల్లబడి చల్లబడితే నాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఇవేవీ తెల్లారేదాకా ఆగే పనులు కావు.

కాలి సిర బాగుండి, మనిషి ఆపరేషన్‌కి తట్టుకోగలిగితే, ఆ సిరతో అడ్డంకిని దాటించి రక్తానికి కొత్త దారి వేసే బైపాస్ గురించీ అడగండి. 2022లో వచ్చిన బెస్ట్-సీఎల్ఐ ట్రయల్‌లో అలాంటివాళ్లకు బైపాసే మేలని తేలింది. 2023 నాటి బేసిల్-2లో మోకాలి కింది అడ్డంకులకు ముందు బెలూనే నయమని వచ్చింది. కాబట్టి రెండూ చేసే వాస్కులర్ సర్జన్ దగ్గరికే తీసుకెళ్లండి.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, స్టాటిన్ డాక్టర్ చెప్పకుండా ఆపొద్దు. బీడీ, సిగరెట్ అలవాటుంటే మానిపించండి.