మర్చిపోయేలోపే థాంక్స్ చెప్పేస్తున్నాను

మీ ప్రశ్న ఇది: "60 దాటాయి. పేర్లు గుర్తుకు రావు, వస్తువు ఎక్కడ పెట్టానో తెలియదు, గదిలోకి వెళ్తే ఎందుకు వెళ్లానో గుర్తుండదు. ఇంట్లోవాళ్లు గుర్తు చేస్తే చిరాకు. ఈ వయసులో కృతజ్ఞతతో ఉంటే మనసు తేలికవుతుందంటారు. ఇంత మతిమరుపుతో అదెలా కుదురుతుంది?"

నాకు 71. మీరు రాసినవన్నీ నాకూ ఉన్నాయి, ఇంకో నాలుగు ఎక్కువే. డాక్టర్ని కాను, తోటి బాధితుడిగా చెబుతున్నాను.

రెండేళ్ల క్రితం పాత ఆఫీసు వాళ్లం ఒకచోట కలిశాం. 19 ఏళ్లు నా పక్క సీట్లో పనిచేసిన మనిషి నవ్వుతూ నా వైపు వస్తున్నాడు. ముఖం తెలుసు. ఫైల్లో కాగితాలు తిప్పేటప్పుడు వేలు తడుపుకునే అలవాటు తెలుసు. వాళ్ల పెద్దబ్బాయికి చిన్నప్పుడు చెయ్యి విరిగితే స్కూటర్ మీద ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. పేరు మాత్రం రాలేదు. పక్కనే మా ఆవిడ ఉంది, పరిచయం చెయ్యాలి. "ఈయన..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, మా ఆవిడ వైపు తిరిగి, తన పేరు తనే చెప్పేశాడు. ఇంటిపేరుతో సహా, కాస్త గట్టిగా. నేను వెంటనే "ఆఁ, ఈయనే, చెబుతుంటానే!" అని అందుకున్నాను. పరువు దక్కింది.

పొద్దున లేవగానే ఫోన్ చేసి థాంక్స్ చెప్పాలని ఆ రాత్రే అనుకున్నాను. మర్చిపోయాను. మూడు వారాల తర్వాత ఏదో పాత గ్రూప్ ఫొటో బయటపడితే గుర్తొచ్చింది. అప్పుడు చేశాను. ఆయన ఏమన్నాడో, గుర్తుంటే చివర్లో చెబుతాను.

ఆ మూడు వారాలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. పేరు మర్చిపోతే నామోషీ, అంతే. మేలు మర్చిపోతే? మన మాటల్లోనే ఉంది చూడండి. కృతం అంటే చేసినది, దాన్ని ఎరిగినవాడు కృతజ్ఞుడు. విశ్వాసం లేనివాణ్ణి మనం తిట్టేది కూడా "చేసిన మేలు మరిచాడు" అనే కదా. నేను వయసు వల్ల మరిచానో, కావాలనే మరిచానో ఎదుటివాడికి ఎలా తెలుస్తుంది? నాకు పేర్ల కన్నా ఇదే పెద్ద టెన్షన్ అయింది.

ముందు ఇది జబ్బేమోనన్న భయం సంగతి తేల్చుకోండి, దాన్ని పెట్టుకుని వేరే ఏ మంచి ఆలోచనా రాదు. నేను డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నారు. తర్వాత కాగితం ఇచ్చి, గడియారం గీసి 11 గంటల 10 నిమిషాలు చూపించేలా ముళ్లు పెట్టమన్నారు. అంకెలు వేస్తుంటే చెయ్యి వణికింది, జబ్బు వల్ల కాదు, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు అనిపించి. గడియారం సరిగానే వచ్చింది. మాటలు రెండు చెప్పగలిగాను. మూడోది ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే గుర్తొచ్చింది! ఎవరికి చెప్పాలి?

బి12, థైరాయిడ్ రక్తపరీక్షలు చేయించారు. చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయా, రాత్రి నిద్ర పడుతోందా, మనసేమైనా దిగులుగా ఉందా అని అడిగారు. వీటిలో ఏది తేడాగా ఉన్నా మతిమరుపులాగే కనిపిస్తుందట. సరిగ్గా వినని మాట గుర్తుండేది ఎలా? అన్నిటికన్నా ఉపయోగపడిన ప్రశ్న "ఏయే మాత్రలు వేసుకుంటున్నారు?" అన్నది. దురద కోసం నేను రోజూ రాత్రి ఒక పాతతరం అలర్జీ మాత్ర వేసుకునేవాణ్ణి. అలాంటి కొన్ని మాత్రలు మెదడులో జ్ఞాపకానికి పనికొచ్చే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి. అది మార్చాక పగటిపూట మబ్బు విడింది. పేర్లు మాత్రం వెనక్కి రాలేదు, అది వయసు వాటా. మీరు మాత్రం మీ మాత్రలేవీ సొంతంగా మానేయకండి. అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి డాక్టర్‌కి చూపించండి.

కళ్లజోడు ఎక్కడ పెట్టానో మర్చిపోవడం వేరు. తెలిసిన దారిలో తప్పిపోవడం, అడిగిందే గంటలో నాలుగుసార్లు అడగడం, ఎప్పుడూ చూసుకునే డబ్బు లెక్కలు అర్థం కాకుండా పోవడం వేరు. రెండో రకమైతే ఆలస్యం చేయొద్దు. అదీ ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి మనిషి అయోమయంగా అయిపోతే అదే రోజు చూపించాలి. పెద్దవయసులో ఒంట్లో ఏదైనా ఇన్‌ఫెక్షన్ ఉన్నా అలా అవుతుంది.

పేర్లే ముందు ఎందుకు పోతాయని నాకు పెద్ద కుతూహలం. ఒకాయన వడ్రంగి అని చెబితే రంపం, చెక్కపొట్టు, పని శబ్దం కళ్లముందు కదులుతాయి. అదే మాట ఆయన ఇంటిపేరని చెబితే ఏమీ కదలదు. పేరు మనిషికి తగిలించిన చీటీ, పట్టుకోవడానికి వేరే కొక్కెం ఉండదు. రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1966లో ఈ "నోట్లోనే ఉంది, రావట్లేదు" బాధ మీదే ఒక పరిశోధన ప్రచురించారు. మాట రానివాళ్లు కూడా చాలాసార్లు దాని మొదటి అక్షరం, ఎన్ని అక్షరాలున్నాయో చెప్పగలిగారు. మాట పోలేదు, తలుపు బిగుసుకుందంతే. అది చదివాక నేను గింజుకోవడం మానేశాను. వదిలేస్తే దానంతటదే వస్తుంది, సాధారణంగా అవసరం తీరిపోయాక.

గదిలోకి వెళ్లి "ఎందుకొచ్చానబ్బా" అని నిలబడిపోవడం గురించీ రాశారు. గుమ్మం దాటడమే కారణమని 2011లో గాబ్రియేల్ రాడ్వాన్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం చెప్పింది. తర్వాత వేరేవాళ్లు చేసి చూస్తే, బుర్రలో ఇంకో పని నడుస్తున్నప్పుడే అలా జరిగిందట. నా అనుభవం రెండోదానికే ఓటేస్తుంది. ఫోన్ మాట్లాడుతూ లేచిన ప్రతిసారీ దారి తప్పుతాను.

ఇక కృతజ్ఞత. ఎమన్స్, మెక్‌కల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన ప్రయోగాలు చాలామంది చెబుతుంటారు. వాటిలో ఒకదాంట్లో విద్యార్థులు పది వారాల పాటు, వారానికొకసారి, తమకు దక్కిన మంచి విషయాలు ఐదింటి వరకు రాశారు. చిరాకులు రాసినవాళ్లకన్నా వీళ్లు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తి చూపించారు. జ్ఞాపకశక్తి పెరిగిందని అందులో ఎక్కడా లేదు. కాబట్టి థాంక్స్ చెబితే మతిమరుపు పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

నేనూ ఒక నోట్‌బుక్ పెట్టాను. వారం రోజులు సూర్యోదయం, చల్లగాలి అని రాశాను, విసుగొచ్చింది. నాకు కావలసింది అది కాదు. నాకు కావలసింది అప్పుల పద్దు. ఇప్పుడు ఇలా రాస్తున్నాను: "కోడలు మాత్రల అట్ట వెనక తేదీలు వేసింది." "కింది ఇంటాయన గేటుకే వేలాడుతున్న తాళంచెవుల గుత్తి తెచ్చిచ్చాడు." పక్కన ఒక గడి. థాంక్స్ చెప్పాక అందులో టిక్కు. టిక్కు లేని గడి కనిపిస్తే ఆ రోజే చెబుతాను. అసలు నియమమైతే ఇంకా సులువు: దాచుకోను, అక్కడికక్కడే చెప్పేస్తాను. నా బుర్ర ఇప్పుడు చిల్లుజేబు, అందులో వేసింది ఉంటుందని నమ్మకం లేదు.

ఆ పద్దు తిరగేస్తే ఒక సంగతి తెలిసింది. సగానికి పైగా గడుల్లో మా ఆవిడే. గీజర్ ఆపడం, డాక్టర్ అపాయింట్‌మెంట్, పెన్షన్ కాగితం, మనవడి పుట్టినరోజు. ఇవన్నీ నాకు గుర్తున్నాయనే ఇన్నాళ్లూ అనుకున్నాను. అవి ఉన్నది ఆవిడ బుర్రలో. నేను మాత్రం ఆవిడ గుర్తు చేసిన ప్రతిసారీ "తెలుసులే!" అని కసురుకునేవాణ్ణి. తెలియదు, అదే కోపం. ఆ మాట మానుకోవడానికి నెలలు పట్టింది. మొదటిసారి "మంచిపని చేశావు, మర్చిపోయేవాణ్ణి" అన్నప్పుడు ఆవిడ చేతిలో పని ఆపి, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?"

అందుకని, మీ చిరాకు విషయంలో నేను చెప్పగలిగింది ఇదొక్కటే: ఇంట్లోవాళ్లు గుర్తు చేసినప్పుడు వచ్చే మొదటి మాట మింగేసి, రెండోది అనండి. మొదట్లో నటనలాగే ఉంటుంది. నాకు ఇప్పటికీ వారంలో రెండు రోజులు నటనే.

ఆ ఫోన్ సంగతి గుర్తుంది లెండి. మూడు వారాలు ఆలస్యంగా, బాగా సిద్ధపడి చేశాను. "ఆ రోజు నా అవస్థ చూసి నీ పేరు నువ్వే చెప్పి నన్ను కాపాడావోయ్, చాలా థాంక్స్" అన్నాను. అటునుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత పెద్ద నవ్వు.

"నిన్ను కాపాడటమేమిటోయ్! నాకు నీ పేరే గుర్తు రాలేదు. ముందు నా పేరు చెబితే నువ్వూ నీది చెబుతావని చూశాను. నువ్వు చెప్పలేదు. ఇంటికెళ్లాక మా ఆవిణ్ణి అడిగాను."