ముందు గుండెని గ్యాస్ అనుకున్నా, తర్వాత గ్యాస్‌ని గుండె అనుకున్నా

ఏఎఫ్‌కి (గుండె లయ తప్పే జబ్బు) అబ్లేషన్ (గుండె లోపల కాస్త కాల్చి లయ సరిచేసే చికిత్స) అయ్యి ఏడు వారాలైంది, అన్నం తిన్న అరగంటకి దడ మొదలవుద్ది, మధ్యలో ఒక బీట్ ఎగిరిపోయినట్టుంటది, తేన్పు వస్తే తగ్గుద్ది, ఇది గుండెదా పొట్టదా, ఇలా ఇంకెవరికైనా ఉందా అని కదా మీరు అడిగింది. ఉందండీ, నాకే ఉంది. నేను డాక్టర్ని కాదు, పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషిని, తెనాలి మాది, 61 ఏళ్ళు. అబ్లేషన్ అయ్యి రెండేళ్ళు దాటింది. పడ్డవాడిగా చెప్తున్నా, మీ డాక్టర్ మాట దీనికంటే ముందు.

నాది రెండు వైపులా మోసపోయిన కథ. అబ్లేషన్‌కి ముందు ఒక రెండేళ్ళు సాయంత్రం పూట గుండెల్లో చేపపిల్ల కొట్టుకుంటున్నట్టు ఉండేది. ఇంట్లో గ్యాస్ అన్నారు. వీధి చివర ఆర్‌ఎంపీ గారు గ్యాస్ అని ఇంజెక్షన్ చేశాడు, మా బావమరిది వాము నమలమన్నాడు. మనవాళ్ళకి మెడ కింద నుంచి బొడ్డు దాకా ఏమొచ్చినా గ్యాసే కదా. గోలీ సోడా తాగితే బ్రేవ్‌మని తేన్పొచ్చి నిజంగానే కాసేపటికి సర్దుకునేది, దాంతో నేనూ నమ్మేశా. చివరికి ఎక్కడ బయటపడిందయ్యా అంటే కంటి ఆస్పత్రిలో. శుక్లం ఆపరేషన్‌కి ముందు ఈసీజీ తీస్తారుగా, తీసే అమ్మాయి కాగితం చూసి ఏం మాట్లాడకుండా ఇంకోసారి తీసింది, మళ్ళీ తీసింది, లోపలికెళ్ళి డాక్టర్ని వెంటబెట్టుకొచ్చింది. రేటు 138, ఏ రెండు గీతల మధ్యా ఎడం ఒకలాగ లేదు. కన్ను సంగతి తర్వాత, ముందు గుండె డాక్టర్ దగ్గరకి పొమ్మన్నారు. ఏఎఫ్‌లో గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతూ ఉంటాయి, అక్కడ రక్తం నిలవుండి గడ్డ కడితే అది మెదడుకి పోయి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉందని అప్పుడు తెలిసింది. అంత ప్రమాదం నెత్తిన పెట్టుకుని రెండేళ్ళు సోడాలు తాగుతూ తిరిగానన్నమాట.

మందులతో ఆగలేదు, హైదరాబాద్‌లో అబ్లేషన్ చేశారు. అది బాగానే జరిగింది, మూడో రోజు ఇంటికొచ్చేశా. ఆ తర్వాత మొదలైంది అసలు గోల. నాలుగు ముద్దలు తినేసరికి పొట్ట డప్పులా ఉబ్బిపోయేది, పొద్దున తిన్న ఇడ్లీ మధ్యాహ్నానికి కూడా అక్కడే కూర్చున్నట్టుండేది. ఐదో వారంలో మా మేనకోడలి పెళ్ళి. పథ్యం తిండి తినీ తినీ నోరు చచ్చిపోయుందేమో, విస్తరి ముందు కూర్చుంటే మనసు ఆగలేదు, పులిహోర, గారెలు, ముద్దపప్పు ఆవకాయ, రెండు పూర్ణాలు, గడ్డపెరుగు, పైన ఐస్‌క్రీమ్. రాత్రి పదిన్నరకి భోజనం, పదకొండున్నరకి పడక.

ఒకటీ నలభైకి మెలకువొచ్చింది. ఎడమ పక్కకి తిరిగి పడుకునున్నా, దిండులోంచి గుండె చప్పుడు వినపడతా ఉంది. ఢబ్, ఢబ్, తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో ప్రాణం గొంతులోకొచ్చుద్ది చూడండీ, అదీ. తర్వాత ఛాతీ లోపల్నుంచి ఎవరో తన్నినట్టు ఒక్క పెద్ద ఢబ్. లేచి ట్యూబ్‌లైటు వేసి మణికట్టు మీద వేలు పెట్టి గడియారం చూస్తూ లెక్కపెట్టడం మొదలెట్టా, పన్నెండు దగ్గర లెక్క తప్పిపోయింది, చేతులు వణుకుతున్నాయి. మా ఆవిడ లేచి "ఏమండీ, మళ్ళీ వచ్చిందా" అంది, ఆ మాటతో ఇంకాస్త పెరిగింది. కారు మాట్లాడుకుని గుంటూరు పోయాం. మూడింటికి ఈసీజీ తీస్తే రిథమ్ నార్మల్, అక్కడక్కడా ఒక్కో ఎక్టోపిక్ బీట్, అంటే వరస తప్పి మధ్యలో వచ్చే ఎక్స్‌ట్రా బీట్. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు "అంకుల్, ఇది గ్యాస్" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆ మాట నిజమైంది, నేనేమో నమ్మలేదు! ఇంకో చోట ఇంకో ఈసీజీ తీయించుకుని తెల్లారాక ఇంటికొచ్చా.

తర్వాత హైదరాబాద్‌లో మా ఈపీ డాక్టర్ (గుండె లయ జబ్బులు చూసే ఆయన) కూర్చోబెట్టి చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తా. బీట్ ఎగిరిపోవడం అని మనం అనుకునేది నిజానికి ఎగిరిపోవడం కాదంట, ఒక బీట్ టైముకంటే ముందే చిన్నగా కొట్టేసుద్ది, దాని తర్వాత కాస్త గ్యాప్ వచ్చుద్ది, ఆ గ్యాప్‌లో రక్తం ఎక్కువ నిండుతుంది కాబట్టి తర్వాతి బీట్ గట్టిగా తన్నుద్ది, మనకి తెలిసేది ఆ తన్ను. 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ మిషను) పెడితే నాకు అలాంటి ఎక్స్‌ట్రా బీట్లు 1,160 వచ్చాయి. నేను గుండె చేత్తో పట్టుకుని అమ్మో పదకొండొందలా అంటే ఆయన నవ్వి రోజుకి గుండె కొట్టుకునేది సుమారు లక్ష సార్లు, అందులో ఇవి ఒక శాతం అటూ ఇటూ, పది శాతం దాటితే అప్పుడు మాట్లాడుకుందాం అన్నాడు. పైగా అబ్లేషన్ తర్వాత మొదటి రెండు మూడు నెలలు లోపల కాల్చిన చోట వాపు ఆరుతూ ఉంటుంది, ఆ టైములో ఎక్స్‌ట్రా బీట్లే కాదు, ఏఎఫ్ ఒకటి రెండు సార్లు వచ్చినా ఆపరేషన్ ఫెయిలైందని లెక్కకట్టరంట. మీరింకా ఆ టైములోనే ఉన్నారు. ఊరికే కూర్చున్నా నాడి ముందుకంటే పది పదిహేను ఎక్కువ ఉండటం కూడా చాలామందికి ఉండేదే, నాది 66 నుంచి 80 దాటింది, కొన్ని నెలలకి దిగింది.

ఇక పొట్టకీ దీనికీ లింకు ఏంటంటే, అన్నవాహిక సరిగ్గా గుండె ఎడమ పై గది వెనకాల ఆనుకుని పోతుంది, అబ్లేషన్ చేసేది ఆ గదిలోనే. పొట్టకి పోయే వేగస్ నరం ఆ అన్నవాహికని పట్టుకునే దిగుతుంది. ఆ వేడి దానికి కాస్త తగిలితే పొట్ట ఖాళీ అవ్వడం నెమ్మదిస్తుంది, నా ఇడ్లీ కథ అదే, చాలామందికి వారాల్లోనో నెలల్లోనో అదే సర్దుకుంటుంది. ఇంకోటి, పొట్ట ఉబ్బితే పైనున్న డయాఫ్రమ్‌ని (పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే కండరం పొర) నెడుతుంది, గుండె కూర్చుంది దాని మీదే. కింది వాటా వాళ్ళు సామాన్లు జరిపితే పై వాటా వాళ్ళకి తెలిసినట్టు. వందేళ్ళ కిందటే రోమ్‌హెల్డ్ అనే జర్మన్ డాక్టర్ ఈ పొట్ట గుండె సంగతి రాశాడని మా అబ్బాయి నెట్‌లో చూపించాడు, అప్పటిదాకా నాకొక్కడికే పిచ్చి అనుకుంటున్నా.

నాకు పనికొచ్చింది మాత్రం ఒక రెండొందల పేజీల నోట్‌బుక్. పోస్టాఫీసు బుద్ధి ఎక్కడికి పోయిద్ది, గీతలు కొట్టి టైము, ఏం తిన్నా, ఎంత తిన్నా, ఎలా కూర్చున్నా, నాడి ఎంత, వరసగా ఉందా చెదిరిందా అని రెండు నెలలు రాశా. అందరూ కాఫీ మానెయ్ అన్నారు, నా పుస్తకంలో కాఫీకీ దడకీ అసలు సంబంధమే దొరకలా, పొద్దునో కప్పు ఇప్పటికీ తాగుతున్నా (మీకు వేరేలా ఉండొచ్చు, రాసుకుని చూడండి). దొరికింది ఏంటయ్యా అంటే రాత్రి తొమ్మిది దాటాక కడుపునిండా భోజనం, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లనీళ్ళు గటగటా తాగడం, తిన్నాక ఎడమ పక్కకి పడుకోవడం, తినగానే వంగి చెప్పులు సవరించుకోవడం. చల్లనీళ్ళ సంగతి నేను నమ్మలేదు, డాక్టర్ని అడిగితే కొందరికి చల్లటిది మింగితే ఏఎఫ్ కూడా మొదలవుద్ది, మీ కుండ నీళ్ళు మీరు తాగండి అన్నాడు. ఎండాకాలం తెనాలిలో ఆ మాట పాటించడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మధ్యాహ్నమే నా పెద్ద భోజనం. రాత్రి ఏడున్నరకి రెండు ఇడ్లీ గానీ, కాస్త మెత్తగా ఉడికించిన అన్నంలో పలచటి చారు గానీ, తర్వాత వీధి చివరిదాకా నెమ్మదిగా నడక, పది దాకా నడుం వాల్చను, తలవైపు మంచం కాళ్ళ కింద రెండు ఇటుకలు పెట్టా. శనగపిండి తగ్గించా, మిరపకాయ బజ్జీ మీద మాత్రం ఇంకా యుద్ధం నడుస్తా ఉంది. మూడు వారాల్లో రాత్రి మెలకువలు సగానికి సగం తగ్గాయి.

ఇక టాబ్లెట్ల మాట, ఇది మటుకు కాస్త జాగ్రత్తగా చదవండి. అబ్లేషన్ తర్వాత అన్నవాహిక పుండు పడకుండా కొన్ని వారాలు పాంటాప్రజోల్ అనే యాసిడ్ తగ్గించే బిళ్ళ ఇస్తారు. నాది అయిపోతే మెడికల్ షాపులో అడిగా, వాడు చివర డి అని ఉండే క్యాప్సూల్ ఇచ్చాడు, రెండూ ఒకటే సార్ ఇది ఇంకా బాగా పనిచేస్తుందని. ఒకటి కాదండీ. డి అంటే డోంపెరిడోన్, అది గుండెలో క్యూటీ అనే టైముని (ఒక్కో బీట్‌కి గుండెలో కరెంటు మొదలై మళ్ళీ సర్దుకునే టైము, ఈసీజీలో కొలుస్తారు) పొడిగించగలదు, దాంతో ప్రమాదమైన రిథమ్ వచ్చే అవకాశం ఉందని యూరప్ మందుల సంస్థ 2014లోనే దాని వాడకాన్ని బాగా తగ్గించేసింది. నేనేమో అప్పుడు అమియోడరోన్ అనే గుండె లయ మందు మీద ఉన్నా, అదీ క్యూటీని పొడిగించేదే. చెకప్‌లో డాక్టర్ నా స్ట్రిప్పులన్నీ టేబుల్ మీద పరవమని, దీన్ని చూసి ఇదెవరిచ్చారు అన్నప్పుడు ఆయన ముఖం చూడాల్సింది. ఆ రోజే ఆపించాడు. జ్వరానికీ దగ్గుకీ ఊరికే కొనుక్కునే అజిత్రోమైసిన్ కూడా క్యూటీని పొడిగించే జాతిదే. ఇంకోటి, పాంటాప్రజోల్ లాంటివి ఏళ్ళ తరబడి వాడితే కొందరికి రక్తంలో మెగ్నీషియం పడిపోతుంది, 2011లో అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ ఈ హెచ్చరిక ఇచ్చింది, మెగ్నీషియం తగ్గితే ఎక్స్‌ట్రా బీట్లు పెరుగుతాయి. అంటే దడకి గ్యాస్ అనుకుని గ్యాస్ బిళ్ళ, ఆ బిళ్ళతో మళ్ళీ దడ. పొటాషియం, మెగ్నీషియం టెస్ట్ అడిగి చేయించుకోండి, కానీ మెగ్నీషియం బిళ్ళలు మీ అంతట మీరు మొదలెట్టొద్దు, కిడ్నీ బాగాలేనివాళ్ళకి అది పేరుకుపోతుంది.

అయితే అన్నీ పొట్ట మీదకి నెట్టేయడం మళ్ళీ నా పాత తప్పే. మీది ఏడో వారం అంటున్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. జ్వరం, మింగితే నొప్పి, ఛాతీలో నొప్పి, రక్తం వాంతి, ఉన్నట్టుండి మాట తడబడటం, వీటిల్లో ఏదొచ్చినా గ్యాస్ అని కూర్చోకుండా వెంటనే అబ్లేషన్ చేసిన చోటకి ఫోన్ చేసి పరిగెత్తండి. చాలా అరుదు, కానీ అన్నవాహికకీ గుండెకీ మధ్య రంధ్రం పడే కాంప్లికేషన్ ఒకటుంది, ఎక్కువగా రెండో వారం నుంచి రెండు నెలల లోపు బయటపడుతుంది. దగ్గర్లో ఏ ఆస్పత్రికి వెళ్ళినా ముందు నాకు అబ్లేషన్ అయిందని చెప్పండి, ఆ అనుమానం ఉన్నప్పుడు ముందు సీటీ స్కాన్ తీయాలి, ఎండోస్కోపీ (నోట్లోంచి గొట్టం దించి చూడటం) చేస్తే లోపలికి కొట్టే గాలితోనే ప్రాణం మీదకి రావచ్చు. తేన్పుతో తగ్గే దడ వేరు, కళ్ళు తిరిగి పడిపోవడం, ఆయాసం, అరగంట దాటినా నాడి అడ్డదిడ్డంగా పరిగెత్తడం వేరు, అప్పుడు 108కి చెయ్యండి. రక్తం పలచబడే మందు మీద ఉన్నారు కాబట్టి మోషన్ నల్లగా తారులా వస్తే అదీ చెప్పాలి (ఐరన్ బిళ్ళలు వేసుకుంటే కూడా నల్లగానే వస్తుంది, అది వేరు). దడ తగ్గిందని ఆ మందు మాత్రం సొంతంగా ఆపకండి, ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్ లాంటివి షాపులో కొనుక్కుని దాని మీద వేసుకోకండి.

వాచీ గురించి కూడా అడిగారు. మా కోడలు "మామయ్యా, ఇది పెట్టుకోండి" అని ఈసీజీ తీసే వాచీ తెచ్చిచ్చింది. మంచిదే, దడ వచ్చినప్పుడు ముప్పై సెకన్లు తీసి దాచుకుంటే డాక్టర్‌కి నూరు మాటల కంటే అది నయం. నేనేం చేశానంటే రోజుకి నలభై సార్లు తీసుకోవడం మొదలెట్టా, తీసేముందు భయం, భయానికి దడ, దడకి మళ్ళీ తీయడం. ఇప్పుడది బీరువాలో ఉంటది, దడ ఐదు నిమిషాలు దాటితేనే తీస్తా. ఆ ఐదు నిమిషాలూ లేచి నిటారుగా కూర్చుని, నాలుగు గుక్కలు గోరువెచ్చని నీళ్ళు తాగి, వరండాలో అటూ ఇటూ నడుస్తా, సగం సార్లు ఈ లోపే తేన్పొచ్చేస్తుంది, మా ఆవిడ లోపల్నుంచి "వచ్చిందా" అని అడిగేది ఇప్పుడు తేన్పు గురించే.

మీరు వాడే మందులన్నీ రాశారు గానీ గ్యాస్ టాబ్లెట్ అని ఊరికే రాసి వదిలేశారు. ఆ స్ట్రిప్ తిప్పి వెనకాల చిన్న అక్షరాల్లో ఏముందో చూసి ఇక్కడ రాయండి, రాత్రి భోజనం ఎన్నింటికో కూడా.