యుద్ధం వచ్చిందని రేడియో చెప్పేసరికి మా వీధికి అది పాత కబురు

పెద్ద యుద్ధం అసలు ఎలా మొదలవుతుంది, మొదలైందని జనానికి ఎవరు, ఎలా చెబుతారు అని అడిగారు. పాఠ్యపుస్తకంలో దీనికి తేదీ, వేళతో సహా జవాబు దొరుకుతుంది గానీ, శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట పక్క పల్లెలో, నాలుగిళ్లకు ఒకరు చొప్పున మిలటరీలో చేరిన వీధిలో పెరిగిన నాకు ఆ జవాబు మీద ఏనాడూ నమ్మకం కుదరలేదు. ప్రకటన ఎప్పుడూ యుద్ధం వెనకాలే వస్తుంది. నేను చూసినది 1971లో, పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు.

ఆ ఏడు నవంబరు మూడో వారంలో మా ఊళ్లో వరికోతలు సాగుతున్నాయి. నాకప్పుడు పదకొండేళ్లు. మా పక్కింటి మావయ్య సిపాయి. రెండు నెలల సెలవు మీద వచ్చి అప్పటికి ఇరవై రోజులు కూడా కాలేదు. ఆ పొద్దున్న ఆయన తన ఎకరంన్నర చెక్కలో సగం కోసి, పనలు వేసి, గట్టు మీద కూర్చుని చోడంబలి తాగుతుండగా పోస్ట్‌మాన్ సైకిలు రోడ్డు మీదే పడేసి గట్టు వెంట నడిచివచ్చాడు. తంతి (టెలిగ్రాం) అన్న మాట వినగానే, అందులో ఏముందో ఎవరూ చదవకముందే మావయ్య తల్లి, మేమంతా మామ్మ అని పిలిచే ఆవిడ, ఏడుపు అందుకుంది, ఎందుకంటే మా వైపు తంతి అంటే చావు కబురు తప్ప మరొకటి కాదు. కాగితం ఇంగ్లీషులో ఉండడంతో హెడ్మాస్టారి దగ్గరకు పరుగెత్తాము. ఆయన రెండుసార్లు లోపల చదువుకుని, సెలవు రద్దయింది, వెంటనే యూనిట్‌కు చేరాలట అని చెప్పారు.

"యుద్దమొచ్చిందేటి బాబూ?" అని మామ్మ అడిగింది. పేపర్లో అలాంటిదేమీ లేదని హెడ్మాస్టారు నిజాయితీగానే చెప్పారు. ఆ పేపరు సంగతి కూడా చెప్పుకోవాలి. విశాఖలో 1974లో ఈనాడు మొదలయ్యేదాకా మాకు తెలుగు పత్రిక విజయవాడ నుంచి రైలెక్కి రావలసిందే. అది మా ఊరు చేరేసరికి అందులోని వార్త ముందురోజు అన్నం లాగా ఉండేది. మావయ్య కొడవలిని ఇంటి చూరులో దోపి, స్నానం చేసి, తెల్లరంగుతో పేరూ నంబరూ రాసి ఉన్న నల్లటి ఇనప ట్రంకు పెట్టెను సర్దుకున్నాడు. మామ్మ కొబ్బరుండలు మూటగట్టి బట్టల మధ్యన పెట్టింది. సాయంత్రం ఆమదాలవలస స్టేషనుకు వెళ్లే బస్సులో పెట్టె పైకి ఎక్కించినవాళ్లలో నేనూ ఉన్నాను. మిగిలిన సగం చేను మా నాన్న, మరో ముగ్గురు కలిసి కోశారు.

ఇప్పుడు చదివితే తెలుస్తున్నదేమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే, నవంబరు 21 ప్రాంతంలో, తూర్పు సరిహద్దులో గరీబ్‌పూర్ దగ్గర మన ట్యాంకులు, పాకిస్తాన్ ట్యాంకులు తలపడ్డాయి. మరునాడు బోయ్రా దగ్గర మన విమానాలు వాళ్ల సేబర్ జెట్లను కూల్చాయి. అప్పటికి ఏ దేశమూ యుద్ధం ప్రకటించలేదు.

డిసెంబరు 3 సాయంత్రం ఆరు గంటలైనా కాకముందే పాకిస్తాన్ విమానాలు అమృత్‌సర్, పఠాన్‌కోట్, శ్రీనగర్ తదితర విమానాశ్రయాల మీద బాంబులు వేశాయి. ఆ వేళ కలకత్తాలో ఉన్న ఇందిరాగాంధీ ఢిల్లీకి తిరిగివెళ్లి, అర్ధరాత్రి దాటాక ఆకాశవాణిలో దేశ ప్రజలతో మాట్లాడారు. అర్ధరాత్రి దాటాక మా ఊళ్లో కుక్కలు తప్ప ఎవరు మేలుకుని ఉంటారు? పొద్దున్న పంచాయతీ రేడియో దగ్గర తెలుగు వార్తలకు జనం మూగారు. రామమందిరం అరుగు మీద నిలబడ్డవాళ్లు, చేతుల్లో చెంబులతో ఆగిపోయినవాళ్లు, అందరూ నిశ్శబ్దంగా విన్నారు. వార్తలు అయిపోయాక మామ్మ మాత్రం, "ఇదేటి కొత్త కబురు? మా ఇంటికి పది రోజుల కిందే వచ్చినాది" అంటూ పేడతట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆమెకు ఆ తెలివి ఊరికే రాలేదు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ఒక్క భారతీయ నాయకుణ్ణీ సంప్రదించకుండా మన దేశం కూడా రెండో ప్రపంచ యుద్ధంలో ఉందని ప్రకటించాడు. అందుకు నిరసనగా మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రెండు నెలలు తిరగకుండానే దిగిపోయింది. ఇవేవీ మామ్మ ఎరగదు. ఆమె లెక్కలో ఆ యుద్ధం 1941 డిసెంబరు చివర రంగం (బర్మాలోని రంగూన్) మీద బాంబులు పడిననాడు మొదలైంది, ఎందుకంటే ఆమె అన్న రంగం రేవులో కూలి చేసేవాడు. అరకాన్ కొండల మీదుగా, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగు దాకా నడిచి, ఎముకల గూడై ఇల్లు చేరాడట. అందుకే 1971లో రేడియో చిట్టగాంగు పేరెత్తినప్పుడల్లా, ఊళ్లో మరెవరికీ తెలియని ఆ పేరుకు ఆమె ఒక్కతే తల ఆడించేది.

ప్రకటనల గురించి నాకు ఇంకొక ఫిర్యాదు ఉంది. మన రాజ్యాంగంలో యుద్ధం పేరుతో ప్రజలకు తగిలే అసలు ప్రకటన అత్యవసర పరిస్థితి. డిసెంబరు 3న దాన్ని ప్రకటించిన రాష్ట్రపతి వి.వి.గిరి మా ఇచ్ఛాపురం దాటగానే వచ్చే బరంపురం మనిషే. యుద్ధం పదమూడు రోజుల్లో ముగిసి, డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. ఆ అత్యవసర పరిస్థితి మాత్రం 1977 మార్చి దాకా కొనసాగింది. 1975 జూన్‌లో అందరూ చెప్పుకునే ఎమర్జెన్సీ వచ్చేనాటికి ఇది ఇంకా అమలులోనే ఉందని ఎంతమందికి తెలుసు? ఇక ఈ కాలపు టీవీల సంగతి చెప్పనే అక్కరలేదు. 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ వేళ వార్తల మధ్య వైమానిక దాడి సైరన్లు మోగించవద్దని కేంద్ర ప్రభుత్వమే ఛానళ్లకు చెప్పవలసివచ్చింది. నిజమైన సైరన్ మోగిన రోజున కూడా జనం రిమోట్ కోసమే వెతుక్కుంటారు.

చెప్పవలసినది ఆలస్యంగా చెప్పడం ప్రభుత్వాలకు అలవాటే. డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది, పేలుడుకు ఇళ్ల అద్దాలు అదిరాయి. విశాఖవాళ్లకు అదేమిటో అధికారికంగా తెలిసింది డిసెంబరు 9న. మా వీధికి ఆ యుద్ధం ముగిసినది కూడా డిసెంబరు 16న కాదు, సంక్రాంతి వెళ్లాక మావయ్య ఉత్తరం వచ్చిన రోజున. 56 ఎ.పి.ఓ. అన్న సైనిక తపాలా చిరునామా తప్ప తాను ఎక్కడున్నదీ అందులో రాయలేదు. క్షేమమని ఒక్క ముక్క రాసి, చేను ఎన్ని బస్తాలు అయిందని అడిగాడు. కోత ఆలస్యమై గింజ రాలిపోవడం వల్ల ఆ ఏడు దిగుబడి బాగా తగ్గింది. ఇన్‌లాండ్ కవరు మోకాలి మీద పెట్టుకుని జవాబు రాస్తున్న నేను ఆ లెక్క దగ్గర ఆగి మామ్మ ముఖం చూశాను. "బాగానే పండినాదని రాయి బాబూ" అంది. నేను అలాగే రాశాను.